అమ్మ వచ్చి అడిగితే?



గడచిన తపస్కాలంలో ఒక ఆదివారం ఉపదేశి గారు ఊళ్ళో లేకపోవడంతో పూజ తరువాత జ్ఞానోపదేశం తరగతికి నేనే వెళ్ళాను. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో ఐరోపాలోని కన్యస్త్రీల మఠాలలో యూదుల పిల్లలను ఎలా దాచారో చెప్పాను. పిల్లలు కదలకుండా విన్నారు. చివర ఎనిమిదవ తరగతి చదివే ఒక అమ్మాయి లేచి, “ఫాదర్ గారూ, ఆ పిల్లలకు జ్ఞానస్నానం ఇచ్చారా?” అని అడిగింది. “కొందరికి ఇచ్చారమ్మా” అన్నాను. “మరి యుద్ధం అయిపోయాక వాళ్ళ అమ్మ వచ్చి అడిగితే?” అంది.

ఇంతలో గంట కొట్టారు. పిల్లలు వెళ్ళిపోయారు. నిజం చెప్పాలంటే గంట కొట్టినందుకు నాకు కొంత ఊరట కలిగింది.

ఈ చరిత్రను మనం తరచు సగమే చెప్పుకుంటాం. కన్యస్త్రీలు ప్రాణాలకు తెగించి దాచారు, పిల్లలు బ్రతికారు అన్నంత వరకు చెప్పి, దేవునికి స్తోత్రం అని ముగిస్తాం. అది అబద్ధం కాదు. కాని యుద్ధం ముగిసిన తరువాత ఏం జరిగిందన్నది మిగతా సగం. ఆ సగంలో మనం గర్వించవలసిన సంగతులున్నాయి, తల వంచుకోవలసినవీ ఉన్నాయి. రెండూ తెలిస్తేనే ఆ అమ్మాయికి జవాబు చెప్పగలం. కాస్త ఓపికగా చదవండి. వీలైతే ఇంట్లో పెద్ద పిల్లలకు చదివి వినిపించండి.

ఐరోపా అంతా చెప్పబోతే ఒక గ్రంథమవుతుంది. కనుక ముందు బెల్జియం దేశాన్ని తీసికొందాం. అది మనకు తెలియని దేశం కాదు. కుష్ఠురోగుల మధ్య జీవించి అదే వ్యాధితో మరణించిన పునీత దామియన్ గారు అక్కడివారు. ఛోటానాగపూర్‌లో ఆదివాసుల పక్షాన నిలబడిన కాన్‌స్టంట్ లీవెన్స్ గారూ అక్కడివారే.

1940 మే 10న జర్మను సైన్యాలు బెల్జియంలో ప్రవేశించాయి. పద్దెనిమిది రోజులలో ఆ దేశం లొంగిపోయింది. అప్పటికి అక్కడ 60 వేలకు పైగా యూదులుండేవారు. వారిలో అత్యధికులు పోలండు, జర్మనీ వంటి దేశాల నుండి బ్రతుకుతెరువు కోసమో, ప్రాణభయంతోనో వలస వచ్చినవారు. దర్జీలు, తోలు పనివారు, వజ్రాలకు సాన పట్టేవారు, చిన్న వర్తకులు. బ్రస్సెల్స్, ఆంట్‌వర్ప్ నగరాలలోనే చాలమంది కాపురముండేవారు. జర్మనులు మొదట వారి పేర్లను రిజిస్టర్లలో ఎక్కించారు. తరువాత వ్యాపారాలు లాక్కున్నారు. 1942 మే నెలలో, ఆరేళ్ళు దాటిన ప్రతి యూదుడు పసుపు పచ్చని నక్షత్రం గుడ్డను బట్టలపై కుట్టుకోవాలని ఆజ్ఞ జారీ చేశారు. ఆగస్టు 4న మెకెలెన్ పట్టణంలోని డొసాన్ సైనిక వసతి నుండి మొదటి రైలు ఆష్విట్జ్‌కు బయలుదేరింది. 1944 జూలై ఆఖరు వరకు 25 వేల మందికి పైగా యూదులను అలా తరలించారు. తిరిగి వచ్చినవారు నూటికి అయిదుగురు.

ఒక మాట దాచకుండా ఇక్కడే చెప్పాలి. మెకెలెన్ అంటే బెల్జియం అగ్రపీఠాధిపతుల పట్టణం. కార్డినల్ వాన్ రోయ్ గారి కథీడ్రల్ ఉన్నది ఆ ఊరిలోనే. ఆయన కొందరి విడుదల కోసం జర్మను అధికారులతో లోలోపల మాట్లాడారు. తన గురువులు, మఠాలు యూదులను దాస్తుంటే అడ్డు చెప్పలేదు. కాని ఆ రైళ్ళను గురించి బహిరంగంగా నోరు విప్పలేదు. ఫ్రాన్సులో తుళూజ్ అగ్రపీఠాధిపతి సలియేజ్ గారు పక్షవాతం వల్ల మాట కూడ సరిగా రాని మనిషి. ఆయన 1942 ఆగస్టు 23న తన మేత్రాసనంలోని గుడులలో లేఖ చదివించి, యూదులు కూడ మన సహోదరులేనని చాటారు. మౌనంగా ఉండి చేసే మేలు ఎక్కువా, గొంతెత్తి చేసే మేలు ఎక్కువా అని చరిత్రకారులు నేటికీ వాదించుకొంటున్నారు. నాకు మాత్రం, ఆ పట్టణంలో ఉండి రైలు కూత వింటూ పూజ చేసిన గురువుల స్థితి తలచుకొంటే మనసు ఒకలా అవుతుంది.

ఏప్రన్ కింద నక్షత్రం

నక్షత్రం ఆజ్ఞ వచ్చిన కొద్దికాలానికి బ్రస్సెల్స్‌లో ఆంద్రె గ్యూలెన్ అనే ఇరవయ్యేళ్ళ పంతులమ్మ తన తరగతిలో కొందరు పిల్లలు బట్టల మీద ఆ గుడ్డతో వచ్చి కూర్చోవడం చూసింది. ఆమె యూదురాలు కాదు. ఇకమీదట తరగతిలో అందరూ పైన ఏప్రన్ వేసికొని కూర్చోవాలని చెప్పింది. ఏప్రన్ కింద ఎవరికి నక్షత్రం ఉందో, ఎవరికి లేదో తెలియదు కదా! ఆమె పని అలా మొదలైంది.

అంతకంటె పెద్ద పని అప్పటికే మరోచోట మొదలైంది. 1942 సెప్టెంబరులో యూదులే రహస్యంగా ఒక రక్షణ సమితిని స్థాపించుకొన్నారు. దీన్ని జాగ్రత్తగా గమనించండి. యూదులు గొర్రెల మందలా నడిచిపోతుంటే ఎవరో దయగలవారు కొందరిని పక్కకు లాగి రక్షించారన్నట్లు మనం కథ చెబుతుంటాం. అది సరికాదు. పిల్లలను దాచాలని ఆలోచించి, డబ్బు కూడగట్టి, దొంగ రేషను కార్డులు సంపాదించి, ఆ పనికి మనుషులను కుదిర్చింది ముందుగా యూదులు. మన మఠాలు తలుపు తెరిచాయి. తలుపు దాకా పిల్లవాణ్ణి నడిపించుకొని వచ్చింది వారు. ఆ సమితి దాచిన పిల్లలు రెండు వేల మందికి పైనే. పిల్లలను ఉంచుకొన్న ఇళ్ళకు, బోర్డింగులకు నెలనెలా భోజనం ఖర్చు కూడ సమితి పంపేది.

1943లో సమితి సభ్యురాలు ఇదా స్టెర్నో అనే యూదు స్త్రీ, ఆంద్రెను ఈ పనిలోకి తీసికొన్నది. ఆంద్రె యూదురాలు కాదు గనుక వీధిలో నిర్భయంగా తిరగగలదు. పిల్లల చేయి పట్టుకొని ట్రాములో, రైలులో వెళ్తే ఎవరూ అనుమానించరు. ఆమె చేయవలసింది, చెప్పడానికి చిన్న పనే. ఒక యూదు ఇంటి తలుపు తట్టాలి. బిడ్డను తీసికొని వెళ్ళిపోవాలి. ఆ తల్లి అడగకూడని ప్రశ్న ఒకటుంది: “ఎక్కడికి?” రేపు తల్లిని పట్టుకొని హింసిస్తే ఆమెకు తెలిసింది బయటపడుతుంది. అందుకని చెప్పేవారు కాదు.

మన ఇళ్ళలో ఆడపిల్లను అత్తవారింటికి పంపేటప్పుడు అప్పగింతలు పెడతాం. ఎవరి చేతిలో పెడుతున్నామో, ఏ ఊరికి పంపుతున్నామో అన్నీ తెలిసి కూడా ఏడుస్తాం. ఆ తల్లులు ఏనాడూ చూడని మనిషి చేతిలో, పేరు తెలియని చోటికి, నాలుగేళ్ళ బిడ్డను పంపారు.

బిడ్డకు కొత్త పేరు పెట్టేవారు. ఇంట్లో శారా అని పిలిచే పిల్ల అనుకోండి, ఇకనుండి ఆమె సిమోన్. ఎవరు అడిగినా సిమోన్. నిద్రలో లేపి అడిగినా సిమోన్. పెద్దవాళ్ళం మనం కొత్త సంతకం అలవాటు చేసికోవడానికే తడబడతాం. ఆ పసివాళ్ళకు వారి ప్రాణమంతా ఆ పేరు మీదే ఆధారపడి ఉంది.

మరి అసలు పేరు? అందరూ మరచిపోతే, యుద్ధమయ్యాక ఏ బిడ్డ ఎవరిదో ఎవరు చెప్పగలరు? నాలుగేళ్ళ పిల్లకు అమ్మ అంటే అమ్మే, ఇంటిపేరు ఎరుగదు. అందుకని ఆ సమితివారు అయిదు నోటు పుస్తకాలు పెట్టారు. ప్రతి బిడ్డకు ఒక సంఖ్య. ఒక పుస్తకంలో సంఖ్య, అసలు పేరు. మరొక దానిలో సంఖ్య, దొంగ పేరు. ఇంకొక దానిలో పాత ఇంటి చిరునామా. దాచిన ఇళ్ళ చిరునామాలు వేరొక పుస్తకంలో, ఏ బిడ్డ ఏ ఇంట్లో ఉన్నదన్నది మరొక దానిలో. ఏ ఒక్క పుస్తకం జర్మనుల చేత చిక్కినా, మిగిలినవి లేకుండా ఏమీ అర్థం కాదు. అన్నీ కలిపితే మాత్రం ప్రతి బిడ్డ తన తల్లి దగ్గరకు దారి దొరికించుకోవచ్చు.

నేను విచారణ గురువుగా ముప్పై ఏళ్ళ నుండి జ్ఞానస్నానపు రిజిస్టర్లు రాస్తున్నాను. పేరు, తండ్రి పేరు, తల్లి పేరు, జ్ఞానతల్లిదండ్రుల పేర్లు. చాలసార్లు విసుగుతో రాసిన రోజులున్నాయి. ఈ నోటు పుస్తకాల సంగతి చదివిన తరువాత ఆ విసుగు తగ్గింది. వాటిని పెట్టినవారి ఉద్దేశం స్పష్టం. బిడ్డను దాస్తున్నది మన దగ్గర ఉంచుకోవడానికి కాదు, తిరిగి ఇవ్వడానికి. ఇచ్చే రోజు వస్తుందన్న నమ్మకం లేనివాడు అయిదు పుస్తకాలు రాయడు.

ఆ పని ప్రమాదం లేనిదేమీ కాదు. ఆంద్రె నివసిస్తున్న బోర్డింగు బడి మీద 1943 పెంతెకోస్తు పండుగ నాటి రాత్రి జర్మనులు దాడి చేసి, అక్కడ దాచిన పిల్లలను పట్టుకుపోయారు. ప్రధానోపాధ్యాయురాలు ఒదీల్ ఓవార్ గారిని, ఆమె భర్తను అరెస్టు చేశారు. ఇద్దరూ జర్మను నిర్బంధ శిబిరాలలో మరణించారు. యూదుల పిల్లలకు చదువు చెప్పడానికి సిగ్గు లేదా అని ఒక అధికారి అడిగితే, పిల్లల మీద యుద్ధం చేయడానికి మీకు సిగ్గు లేదా అని ఆంద్రె ఎదురు అడిగింది. ఆమె బ్రతికి బయటపడి, యుద్ధమయ్యాక అవే పుస్తకాలు పట్టుకొని పిల్లలను వెదికి వెదికి బంధువులకు అప్పగించింది. 2022లో, నూరేళ్ళ వయస్సులో మరణించింది.

సైకిలు మీద సన్యాసి

ఇక మనవారిని గురించి. లూవెన్ పట్టణంలో బెనెడిక్టు సభవారి మఠం ఒకటుంది. అందులో దోమ్ బ్రూనో అనే గురువు ఉండేవారు; ఇంటిపేరు రేండర్స్. 1942 చివర ఆయన పెద్దలు ఆయనను హోద్‌బొమోన్ అనే పల్లెలో అంధుల ఆశ్రమానికి ఆత్మ గురువుగా పంపారు. వెళ్ళి చూస్తే అక్కడ ఉన్నవారిలో కొందరు యూదులు, అంధుల ఆశ్రమం పేరుతో దాక్కున్నవారు. కొద్ది నెలలలో ఆ చోటు ప్రమాదకరమైపోయింది. అక్కడివారిని వేరే ఇళ్ళకు చేర్చవలసి వచ్చింది. ఆ పనితో మొదలుపెట్టి, యుద్ధం ముగిసే దాకా ఆయన మానలేదు. లియెజ్ నగరంలో ఆల్బెర్ వాన్ డెన్ బెర్గ్ అనే కతోలిక న్యాయవాది ఆయనకు కుడి భుజం. లియెజ్ పీఠాధిపతి కెర్కోఫ్స్ గారి అండ వారికుండేది. దోమ్ బ్రూనో సైకిలు తొక్కుకొంటూ మఠం నుండి మఠానికి, ఇంటి నుండి ఇంటికి తిరిగేవారు. కన్న తల్లి ఇంటినీ వదలలేదు, అక్కడా పిల్లలను పెట్టారు. 1944లో రహస్య పోలీసులు మఠానికి వచ్చినపుడు అదృష్టవశాత్తు ఆయన లోపల లేరు. తరువాత అంగీ తీసివేసి, మామూలు బట్టలతో, సన్యాసి గుండు కనబడకుండా టోపీ పెట్టుకొని పని సాగించారు. ఆయన కాపాడినవారు మూడు వందలకు పైగా ఉన్నారు. ఎక్కువమంది పిల్లలు. న్యాయవాది వాన్ డెన్ బెర్గ్ గారు మాత్రం దొరికిపోయి, జర్మను శిబిరం నుండి తిరిగి రాలేదు.

దోమ్ బ్రూనో కూడ నోటు పుస్తకాలు పెట్టారని చెబితే మీరు ఆశ్చర్యపోరు. అసలు పేరు, కొత్త పేరు, ఉన్న చోటు.

మఠాలలో ఆ పిల్లల జీవితం ఎలా ఉండేది? తిండి తక్కువే, అందరికీ తక్కువే. సిలువ గుర్తు వేసికోవడం, మోకరించడం, పరలోక జపం, మంగళవార్త జపం ముందుగా నేర్పేవారు. గుడిలో మోకరించడం రాని పిల్లను చూస్తే ఎవరైనా పట్టేస్తారు. పవిత్ర శుక్రవారం నాడు, అప్పటి ఆచారం ప్రకారం యూదులను ‘అవిశ్వాసులు’ అని చులకనగా పేర్కొనే లతీను ప్రార్థన చదివేవారు. ఆ మాటను 23వ జాన్ పోపు గారు 1959లో తీసివేయించారు. దాక్కున్న బిడ్డ బెంచీలో కూర్చొని ఆ ప్రార్థనకు తనూ ‘ఆమెన్’ అనవలసిందే. చెరువు గట్టున నిలబడి చూసేవారికీ, నీటిలో ఉన్నవారికీ తేడా ఉంటుంది. మనం ఆ మఠాలను తలచుకొని గర్వపడుతున్నపుడు ఆ బెంచీని కూడ తలచుకోవాలి.

మొదటి దివ్యసత్ప్రసాదం రోజున తోటి పిల్లలంతా తెల్లని బట్టలతో వరుసలో వెళ్తుంటే తనొక్కతే కూర్చోవలసిన పిల్ల ఏం కోరుకుంటుంది? చాలమంది పిల్లలు జ్ఞానస్నానం తామే అడిగారు. కొన్నిచోట్ల జర్మనులకు చూపడానికి ధృవపత్రం కావాలని ఇచ్చారు. కొన్నిచోట్ల ఆత్మలను రక్షిస్తున్నామన్న ఉత్సాహంతో ఇచ్చారు. చాలచోట్ల, తల్లిదండ్రుల మాట లేకుండా ఇవ్వకూడదని మఠాధిపతురాళ్ళు గట్టిగా నిలబడ్డారు. అన్నీ జరిగాయి.

పునీత తోమాసు గారు ఏమన్నారు?

సెమినరీలో తత్త్వశాస్త్రం చదివే రోజుల్లో పునీత తోమాసు అక్వినాసు గారి ‘సుమ్మా’ గ్రంథంలో ఒక ప్రశ్న నా కంటబడింది. యూదుల పిల్లలకు తల్లిదండ్రులు వద్దంటున్నా జ్ఞానస్నానం ఇవ్వవచ్చా? ఈ కాలంలో ఇదెవరికి కావాలిలే అనుకొని పేజీ తిప్పేశాను. ఆ పేజీ ఇప్పుడు వెదుక్కోవలసి వచ్చింది.

ఆయన జవాబు 13వ శతాబ్దపు మనిషి ఇచ్చిన జవాబు అంటే నమ్మబుద్ధి కాదు. ఇవ్వకూడదు అన్నారు. రెండు కారణాలు చూపారు. శ్రీసభలో అలాంటి ఆచారం ఎన్నడూ లేదు. సిల్వెస్టరు, అంబ్రోసు వంటి పునీతులకు చక్రవర్తుల స్నేహం ఉండి కూడా వారు అలా చేయించలేదు. రెండవది, బుద్ధి వికసించే వరకు బిడ్డ ప్రకృతిసిద్ధంగా తల్లిదండ్రుల సంరక్షణలో ఉంటుంది. దాన్ని త్రోసిపుచ్చితే సహజ న్యాయానికే విరుద్ధం. కృప ప్రకృతిని పడగొట్టి రాదు, దాన్ని పరిపూర్ణం చేస్తుంది అన్నది ఆయన బోధలో మూలసూత్రం. తల్లి హక్కు ప్రకృతి. జ్ఞానస్నానం కృప. మొదటి దానిని తొక్కి రెండవది నిలబడదు.

మరి చిక్కు ఎక్కడ వచ్చింది? శ్రీసభ చట్టంలో మినహాయింపు ఒకటుంది. బిడ్డ మరణాపాయంలో ఉంటే తల్లిదండ్రులు ఒప్పుకోకపోయినా జ్ఞానస్నానం ఇవ్వవచ్చు. నాజీల కాలంలో ప్రతి యూదు బిడ్డా మరణాపాయంలో ఉన్నదే కదా అని కొందరు వాదించారు. నా మట్టుకు ఆ వాదం నిలవదు. జ్వరంతో ఊపిరి పోతున్న బిడ్డను మనం కాపాడలేం, అందుకే ఆ మినహాయింపు. ఈ బిడ్డకు అపాయం మనుషుల నుండి వస్తున్నది. దాచడమే దానికి మందు. తలుపు మూయడం ఆ బిడ్డ ప్రాణం కోసం. ఆ మూసిన తలుపును అవకాశంగా తీసికోకూడదు.

రెండవ చిక్కు ఇంకా లోతైనది. జ్ఞానస్నానం చెరగని ముద్ర. ఒకసారి ఇస్తే, ఇవ్వకూడని పద్ధతిలో ఇచ్చినా, అది చెల్లుతుంది. చెల్లిన తరువాత ఆ బిడ్డను క్రైస్తవునిగా పెంచవలసిన బాధ్యత తనదని శ్రీసభ భావించేది. 1858లో బొలోన్యా నగరంలో ఎద్గార్దో మొర్తారా అనే ఆరేళ్ళ యూదు బాలుణ్ణి పోపుగారి రాజ్యపు పోలీసులు తల్లిదండ్రుల చేతులలో నుండి తీసికొని వెళ్ళింది ఈ తర్కంతోనే. పసితనంలో జబ్బు చేసినపుడు పనిమనిషి రహస్యంగా జ్ఞానస్నానం ఇచ్చిందట. తల్లిదండ్రులు ఎంత మొత్తుకున్నా తొమ్మిదవ పయస్ పోపు గారు బిడ్డను తిరిగి ఇవ్వలేదు. ఆ బాలుడు పెద్దవాడై గురువయ్యాడు. ఆయన మరణించింది ఎక్కడో తెలుసా? ఇందాక చెప్పిన లియెజ్ నగరం దగ్గర, 1940 మార్చి 11న. జర్మనులు రావడానికి సుమారు రెండు నెలల ముందు.

ఇద్దరు అన్నదమ్ములు

ఇప్పుడు ఆ అమ్మాయి ప్రశ్నకు రావాలి. దానికి బెల్జియం సరిహద్దు దాటి ఫ్రాన్సుకు వెళ్ళాలి. ఎందుకంటే అమ్మ తరఫున వచ్చి అడిగినవారి కథ అక్కడ కోర్టుకు ఎక్కింది.

వియన్నా నగరపు వైద్యుడు ఫ్రిట్జ్ ఫినలీ, భార్య అన్నీ నాజీల నుండి పారిపోయి గ్రెనోబుల్ నగరం పక్కన తలదాచుకొన్నారు. అక్కడే 1941లో రొబేర్, 1942లో జెరాల్ పుట్టారు. ఆ ప్రమాద సమయంలో కూడా తండ్రి ఇద్దరికీ సున్నతి చేయించాడు. మగబిడ్డ యూదుడని తెలిసిపోయే గుర్తు అది. అయినా చేయించాడంటే ఆ తల్లిదండ్రుల కోరిక ఏమిటో ఇంకెవరూ విడమరిచి చెప్పనక్కరలేదు. 1944 ఫిబ్రవరిలో భార్యాభర్తలను పట్టుకొని మార్చిలో ఆష్విట్జ్‌కు పంపారు. పిల్లలు చేతులు మారి మారి చివరకు నగర శిశుగృహం నడిపే ఆంత్వానెత్ బ్రన్ అనే కతోలిక స్త్రీ దగ్గరకు చేరారు. ఇతరులు జంకినపుడు ఆమె తీసుకొంది. ఆమె లేకపోతే ఆ పిల్లలు బ్రతికేవారు కారేమో. ఇది మరువకూడదు.

1945లో న్యూజిలాండ్ నుండి మేనత్త ఉత్తరం వ్రాసింది, పిల్లలను పంపండి, మేము పెంచుకొంటాం అని. బ్రన్ గారు ఏదో ఒకటి చెప్పి దాటవేశారు. మళ్ళీ ఉత్తరాలు. మళ్ళీ దాటవేత. 1948లో, అంటే యుద్ధం ముగిసి మూడేళ్ళు గడిచాక, బంధువులకు తెలియకుండా పిల్లలకు జ్ఞానస్నానం ఇప్పించారు. అప్పుడు ఏ మరణాపాయమూ లేదు. కేసు కోర్టుల వెంట తిరిగింది. 1952లో, ఇశ్రాయేలులో ఉన్న మరో మేనత్తకు పిల్లలను ఇవ్వాలని తీర్పు వచ్చింది. అప్పుడేం చేశారు? పిల్లలను దాచారు. కతోలిక బడులలో, దొంగ పేర్లతో. ఏ ఉపాయంతో జర్మనుల నుండి పసివాళ్ళను కాపాడారో, అదే ఉపాయాన్ని సొంత మేనత్త మీద ప్రయోగించారు. 1953 ఫిబ్రవరిలో, చలికాలంలో, పిరనీస్ పర్వతాల మీదుగా ఆ ఇద్దరినీ స్పెయిను దేశానికి దాటించారు. గురువులు, కన్యస్త్రీలు కొందరు అరెస్టయ్యారు.

లియోన్ అగ్రపీఠాధిపతి కార్డినల్ జెర్లియె గారు ఈ కథలో ఉన్నారు. ఆయన సామాన్యుడు కాదు. 1942 ఆగస్టులో లియోన్ దగ్గర వెనిస్యూ శిబిరం నుండి, తల్లిదండ్రులు రాత్రికి రాత్రి సంతకాలు చేసి అప్పగించిన నూరుమందికి పైగా పిల్లలను బయటకు తెచ్చి దాచినపుడు, వారెక్కడున్నారో చెప్పమని ప్రభుత్వాధికారి అడిగితే చెప్పనని ఎదురు నిలిచిన మనిషి. అటువంటి ఆయనే ఫినలీ పిల్లల విషయంలో చాలకాలం తటపటాయించారు. 2020 మార్చిలో పన్నెండవ పయస్ పోపు గారి కాలపు దస్తావేజులు పరిశోధకులకు తెరిచిన తరువాత, పిల్లలను వదలకుండా ఉండమని రోములోని అధికారుల నుండే ఆయనకు సలహా వచ్చినట్లు బయటపడింది. చివరకు 1953 మార్చిలో రబ్బీ కప్లాన్ గారితో ఒప్పందం కుదిరి, జూన్‌లో పిల్లలు తిరిగి వచ్చారు. జూలైలో మేనత్తతో ఇశ్రాయేలుకు వెళ్ళారు. పెద్దవాడు రొబేర్ తండ్రిలాగే వైద్యుడయ్యాడు.

బ్రన్ గారిని దుర్మార్గురాలు అనడానికి నాకు నోరు రాదు. తొమ్మిదేళ్ళు పెంచిన పిల్లలు. పెంచిన చేతులు వదలలేవు, ఇది మనందరికీ తెలిసిన బాధే. మోషే కథను మరోసారి చదవండి. తల్లి మూడు నెలలు దాచి, తరువాత బుట్టలో పెట్టి నదిలో వదిలింది. ఫరో కుమార్తె దొరికిన బిడ్డను హీబ్రూ బిడ్డ అని ఎరిగే తీసికొన్నది, తన కుమారునిగా పెంచింది, పేరు కూడ ఆమే పెట్టింది. పెద్దయ్యాక ఆ బిడ్డ తన జనం దగ్గరకు వెళ్ళాడు. ఆ రాజకుమార్తె ఏడ్చిందో లేదో గ్రంథం చెప్పదు. మనకు ఆమె పేరు కూడ తెలియదు.

జ్ఞానస్నానం పొందిన ఆత్మ కోసమే కదా వారు అలా చేసింది అని మీలో ఎవరైనా అడగవచ్చు. సెంటెతియెన్ పట్టణంలోని ఒక యేసుసభ గురువు సంగతి చెబుతాను. ప్రాగ్ నగరంలో 1932లో పుట్టిన పావెల్ అనే బాలుణ్ణి తల్లిదండ్రులు ఫ్రాన్సులో మోంలూసోన్ పట్టణంలోని కతోలిక బోర్డింగు బడిలో దాచారు. పోల్-హెన్రి అని పేరు మారింది, జ్ఞానస్నానం జరిగింది. ఒకసారి బడి నుండి పారిపోయి అమ్మానాన్నల దగ్గరకు వెళితే, వారే గుండె రాయి చేసికొని తిప్పి పంపారు. ఆ తరువాత వారు స్విట్జర్లాండుకు దాటబోయి, సరిహద్దులో వెనక్కి నెట్టబడి, ఆష్విట్జ్‌కు చేరారు. పిల్లవాడు మంచి క్రైస్తవుడయ్యాడు. గురువు కావాలనుకొన్నాడు. 1946లో, ఆ దైవపిలుపును గురించి మాట్లాడడానికి అతణ్ణి ఈ యేసుసభ గురువు దగ్గరకు పంపారు.

ఆ గురువు స్థానంలో నన్ను ఊహించుకొన్నాను. చురుకైన కుర్రవాడు, భక్తిపరుడు, తల్లిదండ్రులు లేరు, గురువునవుతానంటున్నాడు. మన సెమినరీలలో ఖాళీ మంచాలు తలచుకొంటే ఏ విచారణ గురువైనా ఆ బిడ్డను గుండెకు హత్తుకొని పంపించి ఉండేవాడు. ఆయన అలా చేయలేదు. నీ తల్లిదండ్రులు ఎలా మరణించారో తెలుసా అని అడిగారు. ఆ బిడ్డకు తెలియదు. అప్పుడు ఆయనే ఆష్విట్జ్ సంగతి, యూదులను ద్వేషించిన చరిత్ర సంగతి, దాచకుండా, గౌరవంగా చెప్పారు. తన జనం ఎవరో ఆ బాలుడు మొదటిసారి పూర్తిగా తెలుసుకొన్నాడు. నిర్ణయం అతనికే వదిలారు.

సౌలు పౌలైన కథ మనం ఏటా జనవరిలో పండుగ చేసికొంటాం. ఇక్కడ పోల్ మళ్ళీ సౌలయ్యాడు. 1948లో పదిహేనేళ్ళ వయస్సులో ఇశ్రాయేలుకు ఓడ ఎక్కి, సౌల్ ఫ్రీడ్‌లెండర్ అనే పేరుతో, యూదుల సంహార చరిత్రను వ్రాసినవారిలో అగ్రగణ్యుడయ్యాడు. ఆ చరిత్ర రెండవ సంపుటానికి 2008లో పులిట్జర్ బహుమతి వచ్చింది. 1964లో పన్నెండవ పయస్ పోపు గారి మౌనాన్ని గురించి ఆయన ప్రచురించిన పుస్తకం చదవడం మనకు సుఖంగా ఉండదు. యేసుసభ గురువు ఆనాడు నిజం చెప్పినందుకు వచ్చిన ఫలంలో ఆ పుస్తకం కూడ ఒక భాగమే.

1965 అక్టోబరు 28న రెండవ వాటికన్ మహాసభ, యేసు మరణానికి నాటి యూదులందరినీ గాని, నేటి యూదులను గాని బాధ్యులుగా ఎంచరాదని ప్రకటించింది. మన జ్ఞానోపదేశం పుస్తకాలు అప్పటి నుండి మారాయి. మన నోటి మాటలు ఇంకా పూర్తిగా మారలేదు. పవిత్ర శుక్రవారం నాటకాలలో మన ఊళ్ళలో యూదులకు వేసే వేషాలు చూడండి.

ఈ పత్రిక ఆ అమ్మాయి ఇంటికి కూడ వస్తుంది. చదివిన తరువాత ఇంకా ఏదో అడుగుతుందని నాకు తెలుసు. వచ్చే ఆదివారం తరగతికి నేనే వస్తానని ఉపదేశి గారికి చెప్పాను.